నది ఒడ్డు వారం

నేను ఒక బైండు పుస్తకాన్ని. అలాగని పుట్టుకతోనే పుస్తకాన్ని కాను. అచ్చాఫీసులో ఒక్క కాన్పులో పుట్టి, అట్ట మీద బంగారు రంగులో పేరు వేయించుకుని, షాపు అద్దాల వెనక దర్జాగా కూర్చునే దొరబిడ్డల కోవలోకి నేను రాను. వారవారం ముక్కముక్కగా పుట్టాను. ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న నన్ను విజయనగరంలో త్రిపురమ్మ అనే ఇల్లాలు పిన్ను ఊడదీసి, నా కాగితాలు మాత్రం నలగకుండా వేరుచేసి దాచేది. ఆ రోజుల్లో ఇళ్లల్లో అదొక మోజు. సీరియల్ అయిపోయాక కాగితాలన్నీ కలిపి బైండు చేయించేవారు. ఇరుగుపొరుగు వచ్చి అడిగితే కాసేపు బెట్టు చేసి మరీ ఇచ్చేవారు. అందుకే నా ఒంట్లో కథ ఒక్కటే కాదు, చాలా చిల్లర సరుకుంది. ఒక కాగితం వెనక తలనొప్పి మాత్రల ప్రకటన, ఇంకోదాని వెనక సగం జోకు. ఆ జోకు చివరికి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలో ఉన్నది యుద్ధం రోజుల నాటి ప్రేమకథ. భీమిలి నుంచి రంగూన్ వెళ్లి కర్రమిల్లులో పనిచేసే పరశురాం, అక్కడే పెరిగిన తెలుగు దర్జీ కూతురు చంపకం ఒకరినొకరు ఇష్టపడతారు. తండ్రి పోయాక చంపకానికి తల్లి నాంచారమ్మే దిక్కు. ఇంతలో రంగూన్ మీద బాంబులు పడతాయి. ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని కొండల మీదుగా ఇండియా దారి పడుతుంది. వీళ్లు ముగ్గురూ నడుస్తారు. దారిలో ఒక పెద్ద నది. దాన్ని దాటేది ఇద్దరే.

నన్ను రాసినాయన మొహం నేనెన్నడూ చూడలేదు కానీ గడుసువాడు. కథను రంగూన్‌లో మొదలుపెట్టలేదు, నదిలో మొదలుపెట్టాడు. మొదటి వారం మొదటి వాక్యంలోనే పడవ కదులుతుంది. చంపకం ఒడ్డున నిలబడి ఉంటుంది. పరశురాం నాంచారమ్మను రెక్క పట్టుకుని పడవలో కూర్చోబెట్టి, అమ్మాయి వెనక పడవలో వస్తుందని చెబుతాడు. అదే ఆఖరి పడవ అని అతనికి తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు. అతను వెనక్కి తిరిగి చూడడు. ఆ పైనంతా భీమిలి. నాంచారమ్మ తెల్లారి లేచి గుమ్మంలో కూర్చుని, నా కూతుర్ని అడవిపాలు చేశావు కదరా అని శాపనార్థాలు పెడుతూ ఉంటుంది. పరశురాం మారు మాట్లాడకుండా ఆవిడకు రెండు బిందెలు నీళ్లు పోసి తన దారిన తను పోతూ ఉంటాడు. మధ్యమధ్య రంగూన్ ముచ్చట్లు వస్తాయి, ప్రేమించుకున్న రోజులు వస్తాయి. అవి చదివినకొద్దీ చదివేవాళ్లకు ఒళ్లు మండుతుంది. అంత ప్రేమించినవాడు ఎలా వదిలేశాడు?

త్రిపురమ్మకు ఒళ్లు మండటం నేను కళ్లారా చూశాను. పత్రిక రాగానే పొయ్యి మీద ఎసరు పెట్టి, వంటింటి గడపలో కూర్చుని చదివేది. చదవటం అయ్యాక పక్కింటావిడతో గోడ మీంచి మొదలుపెట్టేది.

"చూసేవుటే, మళ్లీ నీళ్లు పోసేడు. నీళ్లు మోస్తే పాపం పోతుందిట! వాడి మొహం మండ. నాకే గానీ కనిపిస్తే చీపురు తిరగేసి ఇద్దును."

ఆవిడ అసలు కోపిష్టి కాదు. ఇంట్లో పిల్లి పాలు తాగితే కూడా దాని ఆకలి అదీ పాపం అనే మనిషి. అలాంటావిడ చేత కాగితం మీది మనిషిని నెలల తరబడి తిట్టించాడు ఆ గడుసువాడు. ఎందుకో నాకూ తెలియదు. అప్పటికి నేను కూడా పూర్తిగా పుట్టలేదు కదా.

కథ ముగింపుకొచ్చాక నది ఒడ్డు వారం వచ్చింది. అంటే ఆ వారం కథ మళ్లీ వెనక్కి, నది ఒడ్డుకి, పడవ కదలక ముందుకి వెళ్లింది. చంపకానికి కలరా సోకింది. తెలిస్తే పడవవాళ్లు ఆమెనే కాదు, ఆమె వెంట ఉన్నవాళ్లనూ ఎక్కించుకోరు. తల్లికి చెబితే తల్లి పడవ దిగిపోతుంది. చంపకం ఒళ్లు తూలకుండా కర్ర పట్టుకుని నిలబడి పరశురాం చేత ఒట్టు వేయించుకుంటుంది. "అమ్మకు ఎప్పుడూ చెప్పకు. నువ్వే నన్ను వదిలేశావనుకోనీ. నేనెక్కడో బతికే ఉన్నాననుకుంటూ, నిన్ను తిట్టుకుంటూ అయినా బతుకుతుంది" అంటుంది. అందుకే అతను వెనక్కి చూడలేదు. చూస్తే మొహం దాగదు.

ఆ వారం చదివిన పూట పప్పు మాడిపోయింది. త్రిపురమ్మ లేవలేదు. పక్కింటావిడ గోడ మీంచి పిలిచినా పలకలేదు. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, తనలో తను, "ఎంతలేసి మాటలన్నానూ" అంది. కథలో మనిషిని తిట్టినందుకు నిజంగా సిగ్గుపడింది. అప్పుడు నాకు నన్ను రాసినాయన పన్నాగం అర్థమైంది. పరశురాం మంచివాడని ఆయన ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. ముందు చెప్పాల్సిన సంగతిని వెనక పెట్టాడు, అంతే. అతనెంత భరించాడో అర్థం కావాలంటే, ముందు మనమూ అతని మీద నాలుగు రాళ్లు వేసి ఉండాలి. త్రిపురమ్మ వేసింది. అందుకే ఆవిడకు అర్థమైంది.

చివరి వారంలో నాంచారమ్మ చనిపోయింది. సీరియల్ అయిపోయింది. త్రిపురమ్మ నన్ను కట్టగా కట్టి భర్త చేతికిచ్చి, బజారులో బైండు చేయించుకు రమ్మంది.

ఆవిడ భర్త సోమయాజులు రైల్వేలో పనిచేసేవాడు. బండ్ల రాకపోకల వేళలు చూసే పని. మనిషి ఉత్తముడు, కాకపోతే ప్రపంచమంతా వరసగా నడవాలని పట్టుదల. చొక్కా గుండీ కింద నుంచి పైకి పెట్టుకుంటే కొడుకైనా సరే కేకలేసేవాడు. నన్ను బైండరుకిచ్చే ముందు తిరగేసి చూసి కంగారుపడ్డాడు. మొదట్లో నది, తర్వాత భీమిలి, ఆ తర్వాత రంగూన్, చివర మళ్లీ నది. త్రిపుర కాగితాలన్నీ కలగాపులగం చేసేసిందనుకున్నాడో, రాసినవాడికే బుద్ధి లేదనుకున్నాడో చెప్పలేను. రెండూ అనుకున్నాడనే నా అనుమానం.

"పలాసలో బయల్దేరని బండి విజయనగరం ఎలా వస్తుందయ్యా?" అన్నాడు బైండరుతో.

బైండరు పాపం ఏమంటాడు? మేకు ఎక్కడ కొట్టమంటే అక్కడ కొట్టేవాడు. సోమయాజులు చాప మీద కూర్చుని, రంగూన్ వారాలన్నీ ఏరి ముందు పెట్టాడు. ఆ తర్వాత నడక, నది ఒడ్డు వారం, పడవ, చిట్టచివర భీమిలి. ప్రతివారం పైన ఉండే 'జరిగిన కథ' ముక్కలు అడ్డమని కత్తెరతో కోసేశాడు. వారాల అంకెలు కూడా వాటితోనే పోయాయి. నాకు నోరుంటే అయ్యా, నా గుండె తీసి కాళ్ల దగ్గర పెడుతున్నారు అని అరిచేదాన్ని. నోరు లేదు. దబ్బనం దిగింది, దారం బిగిసింది, ఎర్ర కాలికో గుడ్డ అట్ట పడింది. నేను అందంగా తయారయ్యాను.

త్రిపురమ్మ మురిసిపోయింది. అట్ట నిమిరింది, బీరువాలో పెట్టింది. తెరిచి చదవలేదు. చదివిన కథను మళ్లీ చదవటం ఆవిడకు అలవాటు లేదు. అడిగితే, ఒకసారి ఏడ్చింది చాలదుటే అనేది. అలా నా వరస మారిన సంగతి ఆ ఇంట్లో ఆయనకు తప్ప ఎవరికీ తెలియకుండా నేను బీరువాలో ఉండిపోయాను. అలాగే ఉండిపోతే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. హైమకు పెళ్లి సంబంధం రాకపోతే.

హైమ వాళ్ల కూతురు. నేను వారవారం వస్తున్న రోజుల్లో హాస్టల్లో ఉండి చదువుకునేది, నన్ను చదవలేదు. డిగ్రీ అయ్యాక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం కోసం చూస్తోంది. బొబ్బిలిలో లెక్కలు చెప్పే సదాశివం అనే అబ్బాయితో సంబంధం కుదిరింది. కుదిరింది అంటే పెద్దలు కుదిర్చారు గానీ, చూపుల నాడు ఇద్దరూ నవ్వుకున్న తీరు చూస్తే పెద్దల ప్రమేయం నామమాత్రమే. ఆ తర్వాత వంక పెట్టుకుని రెండుసార్లు వచ్చాడు. అతను వచ్చి వెళ్లిన పూట హైమ బీరువా అద్దంలో తల దువ్వుకుంటూ నా ఎదురుగా చాలాసేపు నిలబడేది.

తాంబూలాలు పుచ్చుకునే రోజు వచ్చింది. చాప వేశారు, పళ్లేలు సర్దారు, పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు వీధి గుమ్మంలోకి ఎవరో వచ్చి సదాశివం చెవిలో ఏదో చెప్పారు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి సోమయాజులుకి దణ్ణం పెట్టి, క్షమించండి అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అతని మేనమామ నోరు వెళ్లబెట్టాడు. వాళ్లవాళ్లకే తెలియదు.

ఇంక ఊరు ఊరుకుంటుందా? ఇంకెక్కడో సంసారం ఉందన్నారు. కాదు, మూర్ఛ రోగమన్నారు. సోమయాజులు అవమానంతో నాలుగు రోజులు భోజనం సరిగ్గా చెయ్యలేదు. చాలా రోజులకు సదాశివం ఒక్కడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. హైమ వంకే చూస్తూ చెప్పాడు.

"ఎందుకు వెళ్లేనో చెప్పలేనండీ. నా ఒక్కడి సంగతైతే ఈపాటికి చెప్పేసి ఉందును. ఇంకొకరి పరువు. చెప్పనని మాటిచ్చేను, ముందు ముందు కూడా చెప్పను. తప్పు పని మాత్రం చెయ్యలేదు. ఆ ఒక్క మాట నమ్మగలిగితే నమ్మండి."

"ఆలోచించుకోనివ్వండి. వచ్చే ఆదివారం రండి" అంది హైమ.

అతను వెళ్లాక త్రిపురమ్మ తిన్నగా బీరువా దగ్గరికొచ్చింది. నన్ను తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

"ముందు ఇది చదువు. పూర్తిగా చదివి, అప్పుడు చెప్పు నీ మాట. నేను నోరు విప్పను."

తల్లి ఉద్దేశం నాకు అర్థమైంది. తనకు జరిగిందే కూతురికీ జరగాలనుకుంది. పిల్ల కూడా పరశురాంని తిట్టాలి, రాళ్లు వెయ్యాలి, చివర్న నది ఒడ్డు వారం దగ్గర గుండె పగిలి సిగ్గుపడాలి. ఆ సిగ్గుతో సదాశివం వైపు చూడాలి. ఎంత మంచి వైద్యం! మందు మాత్రం తలకిందులుగా కట్టి ఉంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు అవుతుందని నాకు తెలుసు. ఆ తల్లికి తెలియదు, ఆ పిల్లకు తెలియదు.

హైమ పెరట్లో బట్టల తీగ కింద పీట వేసుకుని నన్ను చదివింది. రంగూన్ అయ్యింది, నడక అయ్యింది, ఇంకా నా సగంలోకి కూడా రాకముందే నది ఒడ్డు వారం వచ్చేసింది. అక్కడ ఏడ్చింది. ఎంత మంచివాడో అనుకుంది. ఆ తర్వాత పరశురాం పడవెక్కితే జాలిపడింది, వెనక్కి చూడకపోతే దణ్ణం పెట్టినంత పని చేసింది. భీమిలిలో నాంచారమ్మ తిడుతుంటే మాత్రం ఊరుకోలేకపోయింది.

"ఈ ముసల్దానికి బొత్తిగా ఇంగితం లేదు. మనిషిని చూస్తే తెలియటం లేదూ?" అంది పైకే.

నేను ఆమె చేతుల్లోనే ఉన్నాను. తల్లీ, నీకెలా తెలిసిందో ఒక్కసారి ఆలోచించు, నీకు ముందే చెప్పేశారు కాబట్టి తెలిసింది అని చెప్పాలని నాకెంత ఉందో! ఒక్క కుట్టు ఊడినా, ఒక్క కాగితం గాలికి లేచి వరస తప్పినా ఆమె ఆగి చూసేదేమో. ఆ బైండరు దారం చాలా గట్టిది. మంచివాడి మంచితనం మొదటే కనబడుతుందని, కనబడకపోతే లేదనే అర్థమని ఆ పిల్లకు నేనే పాఠం చెప్పాను. నా ప్రతి పేజీతో చెప్పాను. ఆపలేకపోయాను.

ఆదివారం సదాశివం వచ్చాడు. హైమ మొహం ప్రశాంతంగా ఉంది.

"మంచి కారణం ఉన్న మనిషి దాచుకోవలసిన అవసరం ఉండదండీ. ఎక్కడో ఒక చోట తెలిసిపోతుంది. మీ విషయంలో నాకేం తెలియటం లేదు" అంది.

సదాశివం అందరికీ నమస్కారం పెట్టి వెళ్లాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. ఆ సంగతి కిటికీలోంచి చూసినది త్రిపురమ్మ ఒక్కతే. వంటింట్లోకి వచ్చి కూతుర్ని నిలదీసింది.

"అది చదివి కూడా నీ మనసు కరగలేదుటే?"

"చదివేనమ్మా. పరశురాం లాంటివాడైతే కళ్లకద్దుకుందును."

త్రిపురమ్మ తన కూతురిది ఇంత రాతి గుండె అని తనకిన్నాళ్లూ తెలియదనుకుంది. కూతురేమో, ఒక పుస్తకం చదివించి మనసు మార్చాలనుకోవటం ఏవిటీ, ఈవిడదెంత అమాయకత్వం అనుకుంది. ఇద్దరి మధ్యా బల్ల మీద నేను పడి ఉన్నాను. వాళ్లు మాట్లాడుకుంటున్నవి రెండు వేరువేరు కథలని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు నేనెక్కడున్నానో ముందే చెప్పేస్తాను. గంటస్తంభం దగ్గర పాత కాగితాల కొట్లో ఉన్నాను. అట్ట లేదు, కుట్లు లేవు, గోనెదారం కట్టిన కట్టని. రేపో మాపో పకోడీల పొట్లాలవుతాను. ఏ వారం ఎవరి పకోడీలకు పోతుందో దేవుడికే తెలియాలి. ఇది కథకు చివర రావాల్సిన సంగతే, కానీ నాకు ఇంకో ఆదివారం గురించి చెప్పాల్సింది ఉంది. దాన్ని చివరే చెప్పాలి. వరస విలువ నాకంటే బాగా ఇంకెవరికి తెలుసు?

అప్పటికి రెండేళ్లు దాటింది. హైమకు ఎక్స్ఛేంజిలో ఉద్యోగమైంది. సదాశివానికి రాయగడ వైపు సంబంధం కుదిరి పెళ్లయిపోయిందని ఎవరో చెప్పగా విని, మంచిది అని ఊరుకుంది. ఒక రోజు ఆఫీసులో తనతో పనిచేసే పద్మాసని సీరియళ్ల మాట వచ్చి నా గురించి చెప్పింది. మొదటివారం పరశురాం పడవెక్కి పోతుంటే కోపమొచ్చి పత్రిక విసిరికొట్టానంది. మొదటివారం రంగూన్‌లో దర్జీ కొట్టు కదా అంది హైమ. పద్మాసని నవ్వి, నువ్వు ఏ కథ చదివేవో ఏవిటో అంది.

హైమ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా తల్లికి ఈ మాటలు చెప్పి, కథ ఎక్కడ మొదలైందని అడిగింది.

"పడవతోనే కదుటే మొదలు? చీపురు తిరగేద్దామనుకున్నాను. వాణ్ణి నేను తిట్టని తిట్టుందా?" అంది త్రిపురమ్మ. ఆ తర్వాతే బైండు అయ్యాక మొదటిసారి నన్ను తెరిచింది. నాలుగు పేజీలు తిప్పింది. పడవ కోసం వెతికింది, కనిపించక నన్ను భర్త ముందు పెట్టింది.

సోమయాజులు పేపరు చదువుకుంటూ, "వరసలో పెట్టేను. తప్పేవిటి?" అన్నాడు.

ఆ ఆదివారం హైమ బ్లేడుతో నా కుట్లు కోసింది. వారాల అంకెలు లేవు కాబట్టి, కాగితాల వెనక ఉన్న ప్రకటనలు చూసింది. ఎండాకాలం షర్బత్తు, తర్వాత బడిపిల్లల సంచులు, వినాయక చవితి చీరలు, దీపావళి టపాకాయలు, చలికాలం మొహానికి పూసుకునే క్రీము. నన్ను మళ్లీ పుట్టిన వరసలో పేర్చింది. నాకు ప్రాణం లేచివచ్చినట్టైంది. పడవ కదిలింది. హైమ చదవటం మొదలుపెట్టింది. చదివింది, ఆగింది, మళ్లీ మొదటికొచ్చింది. ఒకే పేజీని అలా ఎన్నిసార్లు చదివిందో!

"అమ్మా, నాకు కోపం రావటం లేదు" అంది చివరికి.

"ఎవరి మీదే?"

"పరశురాం మీద. ఇక్కడ నాకు కోపం రావాలి కదా. నువ్వు చీపురు తిరగెయ్యాలనుకున్నావు కదా. నాకు రావటం లేదమ్మా. ముందే తెలిసిపోయింది. ఇంక ఎన్నిసార్లు చదివినా రాదు. కథలో పడవలసిన పొరపాటు నేను ఇంట్లో, సదాశివం గారి విషయంలో పడ్డాను."

త్రిపురమ్మ కూతురి పక్కన చతికిలబడింది. "పోనీలెద్దూ. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ నది ఒడ్డు వారం వచ్చేదాకా వాణ్ణి మనిషిగా చూసేనా?"

"నీకు ఆ వారం వచ్చిందమ్మా. నాంచారమ్మకి వచ్చిందా?"

త్రిపురమ్మ ఆలోచించింది. "లేదు. తిడుతూనే పోయింది, మహాతల్లి."

హైమ కాగితాల కట్ట అంచులు రెండు చేతులతోనూ సరిచేసింది. సరిగ్గానే ఉన్నా మళ్లీ సరిచేసింది.

"నాకూ రాదు" అంది.

త్రిపురమ్మ కూతురి చేతిలోంచి నన్ను తీసుకుంది. తీసుకుని ఏం చెయ్యాలో తెలియక మళ్లీ ఆమె చేతిలోనే పెట్టింది.